మాటకో గుండీ

చెవిలో జోరీగ దూరినా కత్తెరమ్మ ఓర్చుకునేదేమో గానీ, ఎదుటివాళ్ళ నోట ఊతపదం వినపడితే మాత్రం ఓర్చుకునేది కాదు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. రెండు వీధులు కలిసే మూల మీద, మందుల షాపుకీ తాళాలు చేసే ఆయన గదికీ మధ్య ఇరుక్కున్న ఆల్టరేషన్ షాపు వాళ్ళది. పొడుగైన ప్యాంట్లు, బిగుతైన జాకెట్లు, జిప్పులు పోయిన స్కర్టులు వచ్చేవి. కొలత తీసుకుని, సుద్దముక్కతో గీత గీసి, కత్తిరించి ఇవ్వడం ఆవిడ పని. మిషను మీద కుట్టడం ఆవిడ ఆడపడుచు పని, అంటే పోయిన మొగుడి చెల్లెలు. అందుకని ఈవిడ కత్తెరమ్మ, ఆవిడ మిషనమ్మ. వాళ్ళలో వాళ్ళు మాత్రం ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకునేవారు. ఇద్దరూ వదినలే అయితే ఇక మాటలు పడేదెవరని వెనక గదిలో ఇస్త్రీ చేసే ఆయన అడిగేవాడు. "ఇంకెవరు, నేనే," అని జవాబూ తనే చెప్పుకునేవాడు.

షాపుకి వచ్చేవాళ్ళు ఒట్టి బట్టలతో రారు గదా. ప్యాంటు కాళ్ళు మడిపించుకోడానికి వచ్చే కుర్రాడు "బేసిక్‌గా ఏంటంటే ఆంటీ, బేసిక్‌గా ఇది పొడుగు" అనేవాడు. బ్యాంకులో పనిచేసే ఆవిడ ప్రతి మాట చివరా "అర్థమవుతోందా" అని అడిగేది, చంకల దగ్గర రెండు వేళ్ళు వదులు చెయ్యడం అదేదో గొప్ప శాస్త్రమైనట్టు. ఒక పెద్దమనిషి "నిజం చెప్పాలంటే" అన్నప్పుడల్లా, అయితే ఇంతదాకా చెప్పిందంతా ఏమిటో అని కత్తెరమ్మకి అనుమానం వచ్చేది. తాళాలాయన సరే సరి. కొంప అంటుకుపోతున్నా "లైట్ తీస్కోండి" అనే రకం.

వీటికి మందుగా ఆవిడ గుండీల పద్ధతి పెట్టింది. పాత బట్టల నుంచి ఊడిన గుండీలు, జోడు లేని ఒంటి గుండీలు, బల్ల మీద ఒక సాసర్లో పోగుపడేవి. పక్కన ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి. షాపులో ఎవరి నోటినుంచి ఊతపదం వచ్చినా వాళ్ళు సాసర్లోంచి ఒక గుండీ తీసి డబ్బాలో వెయ్యాలి. రేకు డబ్బా గనక టంగుమనేది. దాంతో ఆ మాట చచ్చినట్టు లెక్క. కత్తెరమ్మ దానికి జవాబు చెప్పదు. మనిషి మళ్ళీ మొదటినుంచి, వేరే మాటల్లో చెప్పుకోవాలి. అప్పుడే వింటుంది.

జనానికి అది నచ్చింది కూడా. బేసిక్‌గా కుర్రాడు లోపలికి వస్తూనే ముందుజాగ్రత్తగా ఒక గుండీ వేసేసి, "ఇది ఇప్పుడు అనబోయే దానికి ఆంటీ" అనేవాడు.

అయితే డబ్బాలో సగానికి పైగా గుండీలు మిషనమ్మవే.

ఆవిడ ఊతపదం "ఏం చేస్తాం చెప్పు". దారం తెగితే ఏం చేస్తాం చెప్పు. కరెంటు పోతే ఏం చేస్తాం చెప్పు. వాన కురిసినా అదే, కురవకపోయినా అదే. కూతురికి ఉద్యోగం వచ్చిందని ఫోనొస్తే కళ్ళు తుడుచుకుని మరీ అంది, "పెద్ద ఉద్యోగమే వచ్చింది వదినా, ఏం చేస్తాం చెప్పు." కత్తెరమ్మ బట్ట కత్తిరించి అందిస్తే ఆవిడ దాన్ని మిషను పాదం కింద పెట్టి, ఆ మాట అని, అప్పుడు పెడల్ తొక్కేది. ఆ మాట అనకపోతే మిషను కదలదేమో అన్నట్టు.

"చెప్పు చెప్పు అంటావు, చెప్తే వినవు. అది ప్రశ్నా, ఏడుపా?" అనేది కత్తెరమ్మ.

"రెండూ కాదు వదినా. ఊరికే నోటికొస్తుంది. ఏం చేస్తాం చెప్పు."

టంగు.

ఒకసారి ఇస్త్రీ ఆయన ఉండబట్టలేక అడిగాడు. "మరి మీ 'నే చెప్పలా'కి గుండీ లేదా అమ్మా? పొద్దుట్నుంచీ నాకు మూడుసార్లు తగిలింది."

"అది ఊతపదం కాదు, నిజం," అంది కత్తెరమ్మ. మిషనమ్మ నవ్వాపుకోలేక కుట్టు వంకర చేసుకుని, మళ్ళీ విప్పుకుంది.

అందరి ఊతపదాలూ ఒక ఎత్తు, ఆడపడుచుది ఒక్కటీ ఒక ఎత్తు. దానికి కారణం కత్తెరమ్మ ఎవరికీ చెప్పలేదు. అది వాళ్ళ ఇంటి మాట. ఆడపడుచు అన్నకీ, అంటే కత్తెరమ్మ మొగుడికీ ఉండేది. డాక్టరు పెదవి విరిచి వెళ్ళాక, మంచం మీదనుంచి భార్య మొహంలోకి చూసి అతనన్న ఆఖరి మాట అదే. ఆవిడ ఏదో చెప్పబోయింది. చెప్పేలోపు అతనికి కునుకు పట్టింది, ఆ కునుకులోంచి లేవలేదు. అప్పటినుంచీ ఆవిడకి మనుషులు గడప దాటుతుంటే గుండెల్లో రాయి పడినట్టుండేది. "వెళ్తా" అన్నవాళ్ళని వెనక్కి పిలిచి "వెళ్ళొస్తా" అనిపించి పంపేది, ప్యాంటు కోసం వచ్చిన కుర్రాడినైనా సరే. ఆ మాట మాత్రం, అదే గొంతులో, అదే సాగదీతతో, రోజంతా ఆడపడుచు నోట వినేది.

ఒక మధ్యాహ్నం బ్యాంకావిడ స్కర్టు అంచు కత్తిరించి అందించింది. మిషనమ్మ దాన్ని సర్దింది, తన మాట అంది, పెడల్ తొక్కింది. కత్తెరమ్మ అలవాటు ప్రకారం సాసర్ అటు తోసి, టంగుమనే చప్పుడు కోసం చూసింది. చప్పుడు రాలేదు. మిషను మాత్రం ఆగడం లేదు. కుట్టు అంచు దాటింది, బట్ట దాటింది, సూది ఒట్టి పాదం కింద పైకీ కిందకీ పరిగెడుతూనే ఉంది. తలెత్తి చూస్తే మిషనమ్మ మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది. కాలు పెడల్ మీద బండరాయిలా ఉండిపోయింది. ఇస్త్రీ ఆయన పరిగెత్తుకొచ్చి తీగ లాగేదాకా మిషను ఆగలేదు.

ఆసుపత్రినుంచి తెచ్చాక షాపు పైనున్న ఇంట్లో, కిటికీ పక్కన మంచం వేశారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాటలు పోయాయి, ఒక్కటి తప్ప.

"మంచినీళ్ళు తాగుతావా వదినా?"

"ఏం చేస్తాం చెప్పు."

గొంతు పాతదే, సాగదీత పాతదే. ఎడమ కన్ను మాత్రం, నోటినుంచి వచ్చింది తను అనబోయింది కాదని బెదురుతూ చూసేది. మాటలు పలికించడానికి ఆసుపత్రినుంచి వచ్చిన ఆవిడ విడమరిచి చెప్పింది. ఏరి కోరి అనే మాటలు ఉండేచోట దెబ్బ తగిలిందట. ఆలోచించకుండా అనేవి వేరేచోట ఉంటాయట, అందుకని ఆ ఒక్కటీ మిగిలిందట. ఆ మాట అన్నప్పుడు తొందరపడి మీరే అన్నీ అందించెయ్యకండి, కాసేపు ఆగి చూడండి, ఆ సందులో ఇంకో మాట రావచ్చు, అంది.

తర్వాత కూతురు వచ్చింది. పైఊళ్ళో పెద్ద ఉద్యోగం, లిఫ్టున్న ఇల్లు, ఎదురుగానే ఆసుపత్రి. తల్లిని తీసుకుపోతానంది. ఇక్కడ ఆ ఇరుకు మెట్లు ఎవరు దింపుతారు, షాపు ఎవరు చూస్తారు, మీకూ వయసు మీద పడుతోంది, అని నెమ్మదిగానే అంది. మీ అమ్మకి పీడకల వచ్చినా పక్కగదిలోంచి వచ్చి లేపేది నేను, ఇక్కడే ఉంటుంది, అంది కత్తెరమ్మ. ఇద్దరూ మంచం వైపు చూశారు. ఇక్కడ ఉంటావా అంటే మిషనమ్మ తల ఊపింది. నాతో వస్తావా అంటే అంతే ఊపింది. అవునుకీ కాదుకీ తల ఒకేలా ఊగుతోంది.

"అత్తయ్యా, నేను కసాయిదాన్ని కాను," అంది కూతురు. "అమ్మ నోటితో ఇక్కడే ఉంటానని ఒక్క మాట అంటే చాలు. ఇక్కడే అన్నా చాలు. ఏం కావాలో చెప్పలేని మనిషిని మీ ఒక్కరి మీదా వదిలేసి, అక్కడ నేను అన్నం ఎలా తినను? నెలాఖరుకి వస్తాను. అప్పుడు అడుగుదాం."

వెళ్తూ "వెళ్తాను" అంటే, కత్తెరమ్మ మెట్ల మీదనుంచి పిలిచి "వెళ్ళొస్తాను" అనిపించింది.

ఒక్క మాట. "ఇక్కడే." ఆ మాట పలికితే వదిన ఉంటుంది, పలకకపోతే పోతుంది. కత్తెరమ్మకి ఆసుపత్రి ఆవిడ చెప్పిందాంట్లో, కాసేపు ఆగమన్నదే మనసులో పాతుకుపోయింది. ఆ పాత మాట నోరంతా ఆక్రమించుకుని కూర్చుంటే కొత్తమాటకి చోటేదీ, అనుకుంది. ఊతపదాన్ని వదిలించే దారి ఆవిడకి తెలిసింది ఒక్కటే. కిందకి వెళ్ళి సాసరూ డబ్బా పైకి తెచ్చి, వదిన ఎడమ చేతికి అందేలా స్టూలు మీద పెట్టింది.

"ఇక్కడే అను వదినా."

"ఏం చేస్తాం చెప్పు."

కత్తెరమ్మ పెదవి కదపకుండా సాసర్ చూపించింది. మిషనమ్మ ఒక క్షణం చూసి, ఎడమ చేత్తో ఒక గుండీ తీసి డబ్బాలో పడేసింది. టంగుమంది. మొహంలో కదిలే సగం నవ్వింది. ఆసుపత్రినుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. కత్తెరమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

అలా మొదలైంది. పొద్దున దువ్వెన పట్టుకుని, మధ్యాహ్నం గిన్నె పట్టుకుని, షాపులో ఎవరూ లేనప్పుడల్లా మెట్లెక్కి వచ్చి, ఇక్కడే అను, ఇక్కడే అను. పాత మాట వస్తే గుండీ. గుండీ పడ్డాక జవాబు ఉండదు. నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని, ఇంకేదైనా మాట వస్తుందేమోనని ఆవిడ అలాగే నిలబడేది. వదిన పెదవులు ఎండిపోవడం కనపడేది. ఇంకొంచెం, ఇంకొక్క క్షణం, అనుకునేది. చివరికి తాగించి, తనే ఏడ్చేది.

ఇస్త్రీ ఆయన బట్టలు పైకి తెచ్చినప్పుడు ఇది చూశాడు. చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. అయినా చెప్తున్నానమ్మా, ఆ ఒక్క మాటా ఉండనివ్వండి. ఆవిడ ఇంకా ఉన్నారని తెలిసేది దాంతోనే."

"నెలాఖరుకి ఆ పిల్ల వచ్చి ఎత్తుకుపోతే, అప్పుడు తెలుస్తుంది ఉన్నదో లేదో. నే చెప్పలా, దీన్ని కదిలిస్తే ఇంకోటి వస్తుందని."

వస్తుందనిపించింది కూడా. ఒక సాయంకాలం, వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ, మిషనమ్మ "ఇ" అంది. కత్తెరమ్మ కత్తెర కింద పడేసింది. "ఇ... ఇ..." అని రెండుసార్లు అని, ఆ వెనకే "ఏం చేస్తాం చెప్పు" వచ్చేసింది. వచ్చినందుకు ఆవిడే ఉలిక్కిపడింది. కత్తెరమ్మ ఎంత సంతోషపడిందో, ఆ చివరి మాట మీద అంత మండిపడింది. గొంతు లేచింది. "అదే అడ్డం పడుతోంది వదినా. ఆ దిక్కుమాలిన మాట ఒక్కటి మానెయ్యి. నీకు పుణ్యముంటుంది. మానెయ్యి." సాసర్ని ఒళ్ళోకే తోసేసింది.

ఆ తర్వాతనుంచి మిషనమ్మ పద్ధతి మారింది. ఏదైనా అడిగితే ముందే సాసర్లో చెయ్యి పెట్టేది. ఒక గుండీ వెతికి తీసి, డబ్బాలో వేసి, పెదవులు గట్టిగా మూసుకునేది. ఇక ఏమీ అనేది కాదు. నీళ్ళు కావాలా అంటే గుండీ. వెలుతురు కళ్ళలో పడుతోందా అంటే గుండీ. కత్తెరమ్మ దాన్ని గెలుపనుకుంది. వాన పడే ముందు గాలి ఆగిపోదూ, అలాంటిదే ఇది, అని ఇస్త్రీ ఆయనతో అంది. ఆయన మెట్లు దిగిపోయాడు.

నెలాఖరుకి కూతురు వచ్చింది. కారు కింద ఆపించింది. అమ్మ పక్కన కూర్చుని, చెయ్యి చేతిలోకి తీసుకుని, చిన్నపిల్లని అడిగినట్టు కాకుండా తల్లిని అడిగినట్టే అడిగింది.

"అమ్మా, తొందరేం లేదు. ఇక్కడ అత్తయ్య దగ్గర ఉంటావా, నాతో వస్తావా?"

మిషనమ్మ కూతుర్ని చూసింది. తర్వాత కత్తెరమ్మని చూసింది, చాలాసేపు. గొంతులో ఏదో కదిలింది. పెదవులు విడివడ్డాయి. ఏమొచ్చేదో, పాతదో కొత్తదో, ఎవరికి తెలుసు? కూతురి చేతిలోంచి ఎడమ చెయ్యి మెల్లగా విడిపించుకుని, సాసర్లో తడిమి, ఓ పాత కోటు గుండీ, నల్లది, పెద్దది, తీసి డబ్బాలో వేసింది. నోరు మూసుకుంది. వేశాను కదా అన్నట్టు కత్తెరమ్మ వైపు చూసింది.

"ఇదేమిటి అత్తయ్యా? ఆ ఒక్క మాటైనా అనేది కదా నేను వెళ్ళినప్పుడు. ఏమైంది?"

కత్తెరమ్మ మంచం దగ్గర కూలబడి, "అను వదినా. ఏదైనా అను. పోనీ ఆ మాటే అను, నీ మాటే. గుండీ వద్దు, ఏమీ వద్దు," అంది. ఆట అయిపోయిందని చూపించడానికి డబ్బా ఎత్తి దుప్పటి మీద బోర్లించేసింది. గుండీలన్నీ దొర్లాయి. మిషనమ్మ గాభరాపడింది. వంగి, ఎడమ చేత్తో ఒక్కొక్కటే ఏరి మళ్ళీ డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టింది. ప్రతి గుండీకీ ఒకసారి కత్తెరమ్మ మొహంలోకి చూస్తూ.

కూతురు పక్కగదిలోకి వెళ్ళి ఆసుపత్రి ఆవిడకి ఫోను చేసింది. గోడలు పల్చన, అవతల ఆవిడ గొంతు కూడా కొద్దికొద్దిగా వినిపించింది. ఉన్న ఆ ఒక్క మాటనీ పట్టుకునే మిగతావాటిని పైకి లాగాలనుకున్నామండీ, అంటోంది. ఇప్పుడు దేన్ని పట్టుకుని లాగాలి అంటోంది. కూతురు బయటికి వచ్చి ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తల్లి బట్టలు సంచిలో సర్దింది.

ఇస్త్రీ ఆయనా కారు డ్రైవరూ కలిసి కుర్చీతో సహా మెట్లు దింపారు. షాపు ముందునుంచి వెళ్ళేటప్పుడు మిషనమ్మ తల తిప్పి మిషను వైపు చూసింది. బ్యాంకావిడ స్కర్టు అప్పటికీ పాదం పక్కనే ఉంది, సగం కుట్టుతో.

"వెళ్తున్నాం అత్తయ్యా."

"వెళ్ళొస్తాం అనాలమ్మా."

"వెళ్ళొస్తాం," అంది కూతురు, సీటు బెల్టు సరిచేస్తూ. మిషనమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. ఎడమ చెయ్యి గుప్పిట మూసి ఉంది. కారు మూల తిరిగింది.

షాపు తెరవక తప్పదు. మిషను పని వేరే వీధిలో ఒకావిడకి పంపిస్తోంది కత్తెరమ్మ. కుట్టు బాగానే ఉంటుంది. కుర్రాడు వచ్చి బేసిక్‌గా అన్నాడు, అని నాలిక కరుచుకుని సాసర్ కోసం చూశాడు. అక్కడ సాసర్ లేదు. "ఎంత తగ్గించాలి?" అని మాత్రం అడిగి ఆవిడ సుద్దముక్క తీసుకుంది. తాళాలాయన గుమ్మంలో నిలబడి లైట్ తీస్కోమన్నాడు. దానికీ ఏమీ అనలేదు. వాళ్ళకే ఏదోలా అనిపించి తొందరగా వెళ్ళిపోయారు. ఎవరినీ వెనక్కి పిలిచి వెళ్ళొస్తా అనిపించలేదు.

ఆదివారాలు కూతురు ఫోను చేస్తుంది. తల్లి చెవి దగ్గర పెడుతుంది. కత్తెరమ్మ చెప్పుకుంటూ పోతుంది, వాన పడిందనీ, తాళాలాయన గదికి రంగు వేయించాడనీ. అవతల ఊపిరి వినపడుతుంది. అంతే.

మొన్నటి ఆదివారం ఫోను పెట్టేసే ముందు కూతురే అంది. "ఒక సంగతి అడగాలి అత్తయ్యా. ఆ రోజు డబ్బాలో వేసిన నల్ల గుండీ, కోటుదనుకుంటా, అమ్మ దగ్గరే ఉంది. వచ్చేటప్పుడే గుప్పిట్లో పెట్టుకొచ్చింది. ఎవరు ఏం అడిగినా దాన్ని తీసి బల్ల మీద పెడుతోంది. మళ్ళీ తీసేసుకుంటోంది. ఇక్కడి డాక్టర్లు మాట్లాడించబోయినా అంతే. తీసుకోబోతే ఏడుస్తుంది. ఎందుకో మీకేమైనా తెలుసా?"

కత్తెరమ్మకి అంతా తెలుసు. మొదటినుంచి చివరిదాకా చెప్పగలదు. "ఉండనీలేమ్మా, తీసుకోకు," అంది. "ఒక్కసారి ఫోను వదిన దగ్గర పెట్టు."

పెట్టింది. ఊపిరి వినపడింది.

"వదినా, నేనే," అంది కత్తెరమ్మ.

అవతల చిన్న చప్పుడయింది. చెక్క మీద గుండీ పెట్టిన చప్పుడు. రేకు డబ్బా కాదు గనక మోగలేదు. పద్ధతి ప్రకారమైతే దానికి జవాబు చెప్పకూడదు. కత్తెరమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. ఆ మాటని ఆవిడ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు, మొగుడి నోటా, ఈవిడ నోటా. ఒక్కసారీ తిన్నగా బదులు చెప్పలేదు.

"చెప్తా వదినా, విను," అంది. "ఏం చేస్తామంటే..."

తర్వాత ఏమనాలో తెలియలేదు. వెతికింది. షాపంతా కళ్ళతో వెతికింది, కత్తెరా, టేపూ, స్కర్టూ. ఒక్క మాటా దొరకలేదు.

"అత్తయ్యా, ఏమీ వినపడట్లేదు," అంటోంది కూతురు దూరంనుంచి. "లైన్ కట్టయినట్టుంది. పెట్టేస్తున్నా."